నీలం డ్రమ్ము మీది మాట

"ఆమె పాస్‌వర్డు ఇంకెవరికైనా తెలిసే వీలుందా?" అని అడిగాడు మేనేజరు.

"లేదండీ" అన్నాడు తాళాలు.

ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆలోచించలేదు. ఆ లాండ్రీలో కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. అంతకుముందు బట్టలు మార్చుకునే గదిలో అలమారాల తాళంచెవులు చూసుకునేవాడు. అందుకే ఆ పేరు. తాళంచెవులు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు పేరుతో సహా మనిషిని అటు మార్చేశారు. పుస్తకాలు తెచ్చుకుని చదివి, చెడగొట్టి, బాగుచేసి పని నేర్చుకున్నాడు. తన తాళాల మీద ఎవరైనా అనుమానపడితే అతనికి ఒళ్లు మండుతుంది.

"నాకు కూడా కనపడదండీ. సర్వరు దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి దాచుకుంటుంది. ఎవరిది వాళ్లకే తెలుస్తుంది."

"అయితే వేడి తగ్గించింది ఈమే అన్నమాట."

తాళాలు అప్పుడు తల తిప్పి గోడ వైపు చూశాడు. గోడకి ఆనకుండా నిలబడి ఉన్నది అతని వదిన. సొంత అన్న భార్య. ఉతుకు విభాగంలో అన్నిటికంటే పెద్ద మెషిన్ ఆమెది. ఆవిరి గొట్టం సన్నగా కారినా చప్పుడు విని ఎక్కడో చెప్పేస్తుందని లాండ్రీలో చిన్నాపెద్దా ఆమెను ఆవిరక్క అంటారు.

ఆసుపత్రుల దుప్పట్లు, ఆపరేషన్ గదుల గుడ్డలు ఆ లాండ్రీకి వస్తాయి. అంటురోగాల వార్డు మూటలు తొంభై డిగ్రీల నీళ్లలో ఉడకాలి. ఎవరో ఆ తొంభైని అరవై చేశారు. ఆసుపత్రివాళ్లు ఉతికిన గుడ్డల్ని పరీక్ష చేయించి వ్యాను వ్యానంతా వెనక్కి పంపారు. మార్చింది ఎవరని యంత్రాన్ని అడిగితే ఆవిరక్క పేరు చూపించింది.

"నేను తగ్గించలేదు సార్" అందామె. అంతకుముందే అన్న మాట. గొంతు పెంచకుండా మళ్లీ అంది.

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా."

ఈ మాట యంత్రాలు ఏనాడూ అనలేదు. వాటిని కొన్నవాళ్లే అంటారు.

మేనేజరు పక్కన సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. మెడలో ఎప్పుడూ స్టాపువాచీ వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి అతని పేరు అదే. ఈ మధ్య నీళ్లు కాచే గ్యాసు ఖర్చు బాగా తగ్గించాడని గేటు దగ్గర బోర్డులో అతని ఫొటో పెట్టారు. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

తాళాలు చెప్పింది కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నారు. విచారణ సోమవారం. తప్పు తేలితే ఉద్యోగం పోతుంది. ఒక్క ఇక్కడే కాదు, ఆసుపత్రి గుడ్డలు ఉతికే ఏ లాండ్రీ అయినా ఆమెను గేటు లోపలికి రానివ్వదు. రోగం అంటించే గుడ్డలు పంపిన మనిషి అంటారు. అందాకా ఆమె మెషిన్ ముట్టుకోకూడదు. మురికి మూటలు విప్పి వేరుచేసే బల్ల దగ్గర నిలబడాలి.

మెషిన్ దగ్గర్నుంచి పిలిచిన పిలుపున వచ్చింది కాబట్టి ఆమె చేతులింకా తడిగానే ఉన్నాయి. కాపురానికి వచ్చిన నాటినుంచి తడిచేతులు తుడుచుకోవడానికి ఆమెకు మరిది భుజమే తుండుగుడ్డ. ఇంట్లోనూ అంతే, పనిలోనూ అంతే. వెనకనుంచి వచ్చి రెండు చేతులూ అతని చొక్కాకి రాసేసి పోతుంది. అతను ఛీ అంటాడు. ఆమె నవ్వుతుంది.

ఇప్పుడు అతని పక్కనుంచే తలుపు దగ్గరికి నడిచింది. చేతులు తన ఏప్రానుకే తుడుచుకుంది.

*

సాయంత్రం ఇంట్లో ఆమె కంచం పెట్టింది. రోజూ పెట్టినట్టే పెట్టింది. అదే అతనికి మింగుడుపడలేదు. అన్న బస్సు డ్రైవరు. రెండో షిఫ్టుకి వెళ్లాడు. ఇంట్లో వీళ్లిద్దరే.

"వదినా, నేను అబద్ధం చెప్పలేదు."

"చెప్పావని ఎవరన్నారు? మంచినీళ్లు కావాలా?"

"అడిగినదానికి ఉన్నమాట చెప్పాను."

"చెప్పావు కదా. నువ్వు చెప్పింది ఉన్నమాటైతే నేను చెప్పింది లేనిమాట. అంతేగా. తిను, చల్లారిపోతోంది."

"నువ్వు చేశావని నేననలేదు."

"నువ్వెందుకంటావు అబ్బాయ్? నువ్వు తాళం గట్టిదన్నావు. దొంగ ఇంట్లోవాళ్లేనని వాళ్లే లెక్కేసుకున్నారు."

తాళాలు చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆమె ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"సరే, చెప్పు. ఆ డబ్బాలో నా మాటని ఎలా దాస్తారు?"

"మాటని దాచరు. తిరగలిలో వేసి విసిరినట్టు పిండి చేసేస్తారు. ఆ పిండినే దాస్తారు. నువ్వు మళ్లీ వచ్చి మాట చెప్తే దాన్నీ విసిరి, రెండు పిండ్లూ ఒకటేనా కాదా అని చూస్తారు. పిండిని చూసి గింజ ఏదో చెప్పలేరు. దొంగోడు పిండి ఎత్తుకుపోయినా వాడికి దక్కేదేమీ లేదు."

"నువ్వు చూశావా?"

"ఏం చూడటం?"

"పిండి చూసి గింజ చెప్పలేరన్నది నువ్వు చూశావా, డబ్బా చెప్పిందా?"

తాళాలు చదివిన పుస్తకంలో ఉంది. సర్వరు అమ్మినవాళ్లు చెప్పారు. తెర మీద 'మీ పాస్‌వర్డు భద్రంగా ఉంది' అని చిన్న తాళం బొమ్మ కూడా వస్తుంది.

"డబ్బానే చెప్పింది" అన్నాడు చివరికి.

"మంచిది. నాకు మూట వస్తే మూట మీద చీటీ చదివి మెషిన్లో వెయ్యను. విప్పి చూస్తాను. కత్తెరలు దొరుకుతాయి, ఒక్కోసారి పళ్ల సెట్లు దొరుకుతాయి." లేచి కంచం తీసింది. "నీ సంతకం ఉన్న కాగితం చూపించి నన్ను పంపించేస్తారు. పోతే పోయాను. కానీ చూడకుండా పెట్టిన సంతకంతో పోవడం నాకు నచ్చలేదు అబ్బాయ్."

చేతులు కడుక్కుని చీరకొంగుకి తుడుచుకుంది.

*

సర్వరులో ఉన్నదంతా వారానికోసారి ఒక డిస్కు మీదికి కాపీ చేసి భద్రపరచాలి. ఆ డిస్కుని తాళాలు ప్రతి శనివారం సూపర్‌వైజరు గదిలో ఇస్తాడు. వదిన అలా అడిగిన మర్నాడు పొద్దున దానికోసం వెళ్లాడు. స్టాపువాచీ గదిలో లేడు. డిస్కు అలమారాలో టీ గ్లాసుల వెనక ఉంది. అలమారాకి తాళం లేదు. గొళ్లెం కూడా సరిగా పడదు.

తాళాలు ఆ గొళ్లేన్ని వేలితో అటూ ఇటూ ఆడించి చూశాడు. లాండ్రీలో అందరి పిండీ ఇక్కడే ఉంది, గ్లాసుల వెనక.

విరిగిన తోపుడు బళ్లు పడేసే గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. దేనికీ తగిలించి లేదు. డిస్కులోంచి పాస్‌వర్డుల ఫైలు అందులో వేశాడు. పాస్‌వర్డులు విరగ్గొట్టే ప్రోగ్రాము ఒకటి ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. దాన్నీ తెచ్చి పెట్టాడు. దాని పని చాలా మొరటు పని. పిండిని గింజ చెయ్యదు. దొరికిన గింజనల్లా విసురుకుంటూ పోయి, ఏ పిండి సరిపోతుందో చూస్తుంది. తిరగలి బరువైనదైతే యుగాలు పడుతుంది. తిరగలి బొమ్మదైతే?

మీట నొక్కి టీ గ్లాసు అందుకున్నాడు.

తెర మీద ఒక వరస పడింది. అతను చూద్దామనుకున్నది తన వరస. పడింది మూటల తాతది. వ్యానులోంచి మూటలు దింపే పెద్దాయన. ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ పెద్దక్షరాల్లో: సెలవుకావాలి.

తాళాలు ప్లగ్గు పీకేశాడు.

ఫైలంతా ఇచ్చేశాడు పొరపాటున. ఒక్క వరసే ఇవ్వాల్సింది. తలుపు కొట్టకుండా ఒకరింట్లోకి పోయి, ఆయన చొక్కా లేకుండా కూర్చుని ఉండగా చూసినట్టు చెవులు వేడెక్కాయి. మూటల తాత ఇన్నేళ్లలో సెలవు అడగడం ఎవరూ వినలేదు. ప్రతి ఉదయం ఆ మాట కొట్టి, పనిలోకి దిగుతున్నాడు.

మిగతావాళ్ల వరసలన్నీ తీసేసి, తన ఒక్కటే ఉంచి మళ్లీ మొదలుపెట్టాడు. అతని పాస్‌వర్డు అంటే లాండ్రీలో చెప్పుకునే సంగతి. పన్నెండు అక్షరాలు, చిన్నవి, పెద్దవి, మధ్యలో అంకెలు. అర్థం లేదు. అది గుర్తుపెట్టుకోవడానికి స్నానం చేస్తూ వల్లెవేసేవాడు. వదిన బయటినుంచి, ఏ దేవుడికి రా ఆ మంత్రం అని అరిచేది.

ముందు చివరి ఐదక్షరాలు పడ్డాయి. టీ సగం తాగేసరికి మొదటి ఏడూ పడ్డాయి.

తాళాలు గ్లాసు కింద పెట్టాడు. తప్పేదో జరిగిందనుకుని సర్వరులో ఇంకా కష్టమైనది పెట్టి, మళ్లీ కాపీ తెచ్చి చూశాడు. అదీ అంతే. రెండు ముక్కలుగా విరిగి, పెద్దక్షరాల్లో బయటపడింది.

పుస్తకాలు తీశాడు. సర్వరు సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి దొరికింది. 'పాత పద్ధతిలో కూడా దాచు' అన్నచోట టిక్కు ఉంది. సర్వరు అమర్చినవాళ్లు పెట్టిపోయిన టిక్కు. మూటలకి చీటీలు అచ్చుకొట్టే యంత్రం ఒకటి ఉంది. అది తాళాలు కంటే ముందునుంచీ ఆ లాండ్రీలో ఉంది. దానికి పాత పద్ధతి తప్ప రాదు. కొత్తది కొనమని ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు. ఆ ఒక్క ముసలి యంత్రం కోసం ఇంతమంది మాటల్నీ సర్వరు రెండుసార్లు విసిరి, రెండు పిండ్లూ పక్కపక్కనే దాస్తోంది. ఒకటి కొత్త తిరగలిది. రెండోది బొమ్మ తిరగలిది. బొమ్మ తిరగలి మాటలో అక్షరాలన్నిటినీ పెద్దక్షరాలు చేసేస్తుంది. ఏడేసి అక్షరాల ముక్కలుగా కోసేస్తుంది. ఏ ముక్కకాముక్క విడిగా విసురుతుంది. పన్నెండక్షరాల తాళం కాదది. ఏడొకటి, ఐదొకటి. వీధి తలుపుకి ఇనుప గడియ పెట్టి పెరటి తలుపుకి దారం కట్టినట్టు. ఏ దొంగ వీధి తలుపు దగ్గర నిలబడతాడు?

ఇంకొకటి కూడా కనపడింది. అది చూడటానికి ఎవరిదీ విరగ్గొట్టనక్కర్లేదు. అసలు ఫైలులో ఉతుకు విభాగం వరసలు సగానికి సగం అచ్చంగా ఒక్కలాగే ఉన్నాయి. ఒకే గింజ, ఒకే పిండి. వాటిలో వదినది ఒకటి.

*

భోజనాల వేళ తాళాలు ముందు వ్యాను దగ్గరికి పోయాడు.

"తాతా, నీది చూశాను. పొరపాటున."

మూటల తాత ఒకసారి తన లుంగీ చూసుకున్నాడు. "ఏది?"

"పాస్‌వర్డు."

"ఓ, అదా." తాత బీడీ దులిపాడు. "చూస్తే చూశావు. ఆ సెలవేదో ఇప్పించరాదూ మరి."

తర్వాత బట్టలు మార్చుకునే గదికి పోయాడు. వదిన, ఇస్త్రీ రోలరు నడిపే రోలరమ్మ, ఇంకో నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. వదిన మురికి బల్ల దగ్గర్నుంచి వచ్చింది. రబ్బరు తొడుగులు విప్పేసినా వేళ్ల చివర్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

"వదినా, నీ పాస్‌వర్డూ వీళ్ల పాస్‌వర్డూ ఒకటేనా?"

రోలరమ్మ అన్నం డబ్బా మూత పెట్టేసింది.

"ఏంటని నేను అడగట్లేదు. ఒకటేనా అని."

వదిన అందరి వైపూ చూసింది. "నీలం డ్రమ్ము మీది మాటే" అంది.

"ఏ డ్రమ్ము?"

"సబ్బు నీళ్ల డ్రమ్ము. తెరకి ఎదురుగుండా ఉంటుంది కదా. నువ్వేమో నెల మొదట్లో పొద్దున్నే పాస్‌వర్డు మార్చమని తెర మీద పడేస్తావు. మార్చకపోతే మెషిన్ కదలదు. చేతికి తడి తొడుగులు, వెనకాల బళ్లు, మెషిన్ కుయ్యోమంటుంటుంది. ఆయనేమో పక్కన గడియారం పట్టుకుని నిలబడతాడు. అప్పుడు కవిత్వం ఎక్కడ గుర్తొస్తుంది? ఎదురుగా ఏది ఉంటే అది కొడతాం. ఒక నెల డ్రమ్ము మీది పెద్ద మాట, ఇంకో నెల దాని కిందది."

"నిన్న చెప్పలేదేం?"

"చెప్తే ఏమంటారు? చూశారా, దీని నిర్లక్ష్యమే అంటారు. వేడి తగ్గించావని పంపడం బదులు డ్రమ్ము చూసి కొట్టావని పంపిస్తారు. ఏదైతేనేం, గేటు అటే."

అది నిజమేనని తాళాలుకి తెలుసు. అతను బల్ల చివర కూర్చుని తను చూసిందంతా చెప్పాడు. తన పన్నెండక్షరాల మంత్రం సగం టీకి విరిగిపోయిన సంగతి దగ్గర వదిన పెదవి కొరుక్కుంది.

"స్నానాల గదిలో అంత జపం చేశావు కదరా."

"నవ్వు. నీ వంతు."

"నవ్వట్లేదు. నాకు జాలిగా ఉంది."

రోలరమ్మకి ఓపిక లేదు. "అయితే సోమవారం నాడు ఇదే చూపించు తమ్ముడూ. అందరివీ విరగ్గొట్టి మేనేజరు మొహాన పడెయ్యి."

"అందరివీ విరగ్గొట్టను అక్కా. తాతది చూసినందుకే నాకు నిద్రపట్టేలా లేదు. ఎవరైనా వచ్చి నాది విరగ్గొట్టు అంటే అప్పుడు విరగ్గొడతాను."

"నాది విరగ్గొట్టు. కాకపోతే పైకి చదవకు. దాంట్లో ఆయనున్నాడు, గడియారంతో సహా."

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. ఆమె వేలితో బల్ల మీద నీటి చుక్కని గీతలా లాగుతోంది.

"డ్రమ్ము మాట విరిగితే డ్రమ్ము మాట కాబట్టి విరిగిందంటారు" అంది. "మంచివి పెట్టి విరగాలి. ఎవరికి చేతనైనంత గట్టిది వాళ్లు ఈపూటే పెట్టండి. తొడుగులు విప్పేసి, కూర్చుని, ఆలోచించి పెట్టండి. అవీ విరిగితే అప్పుడు మాట్లాడదాం."

ఆ మధ్యాహ్నం లాండ్రీలో ఎవరి మొహం చూసినా పరీక్ష రాస్తున్నట్టే ఉంది. రోలరమ్మ పెదాలు కదుపుతూ దుప్పట్లు మడతపెట్టింది. మూటల తాత కూడా వచ్చి నాకూ ఒకటి పెట్టు అన్నాడు. తాళాలు వెనక్కి తిరిగి నిలబడ్డాడు. తాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చూపుడువేలితో మేకు కొట్టినట్టు కొడుతూ, టీ వేళ అయిపోయేదాకా కొట్టాడు.

*

సోమవారం మేనేజరు గదిలో కుర్చీలు చాలలేదు. పిలిచింది ఆవిరక్కని, తాళాలుని. వచ్చింది అంతమంది.

"ఇదేం సంత?" అన్నాడు మేనేజరు.

"సాక్షులండీ" అన్నాడు తాళాలు. కొత్త పాస్‌వర్డులతో మళ్లీ కాపీ చేసిన ఫైలు వేసి, పాత కంప్యూటరుని తోపుడు బండి మీద పెట్టి తోసుకొచ్చాడు. మేనేజరు కాగితం తీసి చదవబోయాడు.

"అది చదవకండి. నేను రాసింది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను."

"సంతకం పెట్టావు."

"పెట్టానండీ. చూడకుండా పెట్టాను. ఇప్పుడు చూశాను."

"ఆమె నీ వదిన కదా."

"అవునండీ. మొన్న సంతకం పెట్టినప్పుడు కూడా వదినే."

మేనేజరు వెనక్కి వాలాడు. తాళాలు పాత పద్ధతి గురించి, టిక్కు గురించి, గ్లాసుల వెనక డిస్కు గురించి చెప్పాడు. అలమారా మాట వచ్చినప్పుడు స్టాపువాచీ గొలుసుని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఉతుకు విభాగంలో సగం మందిది డ్రమ్ము మీది మాటేనని ఆమే ఒప్పుకుంటోంది. మరి అది ఆమె నిర్లక్ష్యం కాదా?" అన్నాడు మేనేజరు.

"నాది డ్రమ్ము మాట కాదండీ. నాదీ విరిగింది. వీళ్లు పెట్టినవి కూడా డ్రమ్ము మాటలు కావు. ఎవరి ఇష్టంతో వాళ్లు విరగ్గొట్టమన్నారు. చూడండి."

రోలరమ్మ వరస ఇచ్చి మీట నొక్కాడు. కింద రోలర్లు తిరుగుతున్న అదురు నేలలోంచి పాదాలకి తెలుస్తోంది. తెర కదలగానే తాళాలు చూడకుండా దాన్ని రోలరమ్మ వైపు తిప్పేశాడు. ఆమె వంగి చూసింది. చూసి, స్టాపువాచీ వైపు ఒక్క చూపు విసిరి, "నాదే" అంది. తెర నల్లగా చేశాడు.

తర్వాత ఇంకొకామె. "నాదే." ఇంకొకతను. మెడ వెనక గోక్కున్నాడు. "నాదేనండీ. మా పాపని అడిగి మరీ పెట్టాను."

మేనేజరు వాళ్లకి టీ తెప్పించలేదు కానీ తనది తాగడం మానేశాడు.

మూటల తాత వంతు వచ్చింది. కంప్యూటరు గుర్రుమంటూనే ఉంది. ఏమీ పడలేదు. అందరూ కాళ్లు మార్చి నిలబడ్డారు.

"నాది విరగదా?" అన్నాడు తాత. మొహం చిన్నబోయింది. "దీనిక్కూడా పనికిరానా నేను?"

"ఎంత పొడుగు పెట్టావు తాతా?"

"పొడుగేంటి? మొన్నటి సెలవు సంగతే పూర్తిగా పెట్టాను. ఎందుకు కావాలో, ఎక్కడికి పోతానో, ఎప్పుడొస్తానో."

తాళాలు కుర్చీలోంచి లేచాడు. వరస మళ్లీ చూశాడు. పాత పిండి ఉండాల్సిన చోట ఖాళీ. బొమ్మ తిరగలిలో ఏడూ ఏడూ పద్నాలుగు అక్షరాలకే చోటు. అంతకంటే పొడుగైనది దానిలో పట్టదు. పట్టనిదాన్ని పాత పద్ధతిలో దాచనే దాచదు. కొత్త పిండి ఒక్కటే ఉంది.

"చూశావా" అన్నాడు మేనేజరు ముందుకి వంగి. "శ్రద్ధగా పెడితే విరగదు. తప్పు మనుషులదే."

"పద్నాలుగు దాటితేనే తాళం, లోపైతే దారం అని మీరు ఎవరికైనా చెప్పారా సార్?" అడిగింది వదిన. ఆ గదిలో ఆమె ఆ రోజు మాట్లాడిన మొదటి మాట అది. "ఎనిమిది చాలని తెర మీద రాసి పెట్టారు. మేం ఎనిమిది పెట్టాం. చెప్పని నియమం తప్పామని నన్ను పంపిస్తారా?"

మేనేజరు తాళాలు వైపు తిరిగాడు.

"ఇదంతా మీలో మీరు కూడబలుక్కుని ఆడుతున్నారేమో. వాళ్లు నాదే అంటే నేనెలా నమ్మాలి?"

తాళాలు మీట మీద వేలు పెట్టాడు.

"మీది కూడా ఈ ఫైల్లో ఉందండీ. నేను ముట్టుకోలేదు. మీరు విరగ్గొట్టమంటే విరగ్గొడతాను. తెర మీ వైపే తిప్పుతాను. నేను చూడను."

అతని వేలు మీట మీద ఆగి ఉంది. అందరూ మేనేజరు వైపు చూశారు. ఆయన తెర నల్లటి అద్దంలో తన మొహం చూసుకున్నట్టున్నాడు. చెయ్యి కాగితం మీదికి పోయింది, కాగితం అంచు సవరించింది.

"వద్దు" అన్నాడు.

ఆ 'వద్దు' కింద సంతకం అక్కర్లేకపోయింది.

"మరైతే వేడి తగ్గించింది ఎవరు?" అన్నాడు మేనేజరు.

"తెలీదండీ" అన్నాడు తాళాలు. "తెలీదని మొదటిరోజే చెప్పాల్సింది."

స్టాపువాచీ మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. గొలుసు వేలికి అంత బిగుతుగా చుట్టుకుందేమో, వేలి చివర తెల్లబడింది. మేనేజరు అటు ఒకసారి చూశాడు. కాగితాన్ని రెండుగా మడిచి, మళ్లీ నాలుగుగా మడిచి సొరుగులో పడేశాడు.

"నీ మెషిన్ దగ్గరికి పోమ్మా" అన్నాడు.

*

చీటీలు కొట్టే ముసలి యంత్రాన్ని ఆ మధ్యాహ్నమే నెట్టేశారు. కొత్తది వచ్చేదాకా చీటీలు చేత్తో రాసుకున్నారు. తాళాలు ఆ టిక్కు తీసేశాడు. తీసేస్తే అయిపోలేదు. ఇదివరకే విసిరి పెట్టిన పాత పిండి అలాగే ఉంటుంది. ఎవరి మాట వాళ్లు మార్చుకుంటేనే అది పోతుంది. సర్వరు అమ్మినవాళ్లకి ఫోను చేసి, కొత్త తిరగలిని ఇంకా బరువైనదిగా మార్పించాడు. ఇప్పుడు ప్రతి మనిషి గింజల్లోనూ విడివిడిగా, వేరే వేరే చిటికెడు ఏదో కలిపి, వేలసార్లు విసురుతుంది. ఇద్దరు ఒకే మాట పెట్టినా పిండి ఒకటవదు. డిస్కుకి ఇనప్పెట్టె వచ్చింది. గేటు దగ్గర బోర్డులోంచి ఫొటో ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. మేకు మాత్రం ఉంది. చూడకుండా సంతకం పెట్టినందుకు తాళాలుకి మెమో ఇచ్చారు. సరైన మెమోనే. దాన్ని కంప్యూటర్ల గదిలో గోడకి అంటించుకున్నాడు.

పాస్‌వర్డులు మార్చడానికి నెల మొదటి రోజు, మెషిన్ ఆగే గోల, ఏమీ లేవు. కంప్యూటర్ల గదిలో కుర్చీ, పొడి తుండుగుడ్డ, తలుపుకి గడియ. ఒక్కొక్కరే వచ్చి, చేతులు తుడుచుకుని, కూర్చుని, ఒక వాక్యమంత మాట పెట్టుకుని పోవాలి. తాత మాత్రం, నాది గట్టిదే కదా, మార్చను అని మొండికేశాడు. సెలవిస్తే మారుస్తానన్నాడు. ఇచ్చారు.

చివర వదిన వచ్చింది. మెషిన్ దగ్గర్నుంచి నేరుగా వచ్చింది. ముంజేతుల దాకా తడి, మొహం మీద ఆవిరి. తాళాలు గోడ వైపు తిరిగి, తన మెమో చదువుకుంటూ నిలబడ్డాడు. వెనకాల మీటల చప్పుడు మొదలైంది. ఆగలేదు.

"ఎంత పొడుగు పెడుతున్నావు వదినా?"

"నీ పెళ్లయ్యేదాకా కొడతాను. మాట్లాడకు, తప్పు పోతుంది."

మళ్లీ చప్పుడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిగింది.

"ఇప్పుడు ఇది నీకు కనపడదా?"

"కనపడదు."

"ఎవరికీ?"

"తేలిగ్గా ఎవరికీ దొరకదు."

"చూశావా, డబ్బా చెప్పిందా?"

"చూశాను. కొత్తగా పెట్టుకున్న నా మాటని నిన్నంతా నేనే విరగ్గొట్టబోయాను. పొద్దున కూడా చూశాను. ఇప్పటిదాకా విరగలేదు. విరిగితే వచ్చి నీకే ముందు చెప్తాను."

కుర్చీ వీపు మీద పొడి తుండుగుడ్డ మడత విప్పకుండా అలాగే ఉంది. వదిన వెనకనుంచి వచ్చి, తడిచేతులు రెండూ అతని చొక్కా భుజాలకి అటూ ఇటూ బాగా రాసింది.

"ఛీ" అన్నాడు తాళాలు.

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. కింద పెద్ద మెషిన్ నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు వినపడింది. తర్వాత ఆవిరి. అతను తడి చొక్కాతోనే నిలబడి విన్నాడు. మెషిన్ తొంభైకి ఎక్కుతోంది.